ఎండ కొలత – జ్వరము కొలత

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములవారికి ఎండ యెట్టిదో మరియొకరు చెప్పవలసిన పని లేదు. వేసవి మధ్యాహ్నమున పెన్న యిసుకపై కాలు మోపినవారికిని, నాపరాతి యింట నిదుర పట్టక వాకిట మంచము వేసికొనినవారికిని అది యెరుకయే. నేడు నేను చెప్పదలచినది ఎండను, జ్వరమును కొలుచు అంకెలను గూర్చి. ఒకే వేడిమికి రెండు లెక్కలు వాడుకలో నుండుటచే మన యిండ్లలో పొరపాట్లు కలుగుచున్నవి.

కొన్ని యేండ్ల క్రిందట పులివెందులకు చేరువనున్న యొక పల్లెలో బంధువుల యింటికి పోయియుంటిని. ఆ యింట నాలుగేండ్ల బాలునకు జ్వరము. క్రొత్తగా కొనితెచ్చిన థర్మామీటరు చంకలో నుంచగా 39 అని చూపినది. ఇంటి పెద్ద దానిని చూచి, “మనిషి వేడి తొంబదియెనిమిది గదా! ఇది ముప్పదితొమ్మిది యనుచున్నది. చెడిన వస్తువును అంటగట్టినారు” అని గూటిలో పడవేసెను. నేనును అప్పుడు ఆలోచింపనైతిని. సాయంకాలమునకు బాలుడు పిలిచినను పలుకక మగతగా పడియుండెను. అప్పుడు ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. దైవానుగ్రహమున బాలుడు కోలుకొనెను. థర్మామీటరు చెడలేదు. అది చెప్పినది సెల్సియస్ లెక్క. మే మెరిగినది ఫారన్‌హీటు లెక్క. 39 అనగా 102 దాటిన జ్వరము. మా తెలియమివలన ఒక పగలు వృథాయైనది.

ఈ రెండు లెక్కలు ఎట్లు పుట్టినవి? డాంజిగ్ నగరమున జన్మించి హాలండు దేశమున పరికరములు చేయుచుండిన ఫారన్‌హీటు అనునాయన 1724 లో తన లెక్కను ప్రకటించెను. నేడు వాడుకలో నున్న ఆ లెక్కలో నీరు గడ్డకట్టు వేడిమి 32, మరగు వేడిమి 212. స్వీడను దేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సెల్సియస్ 1742 లో ఆ రెండు స్థానముల నడుమను నూరు భాగములు చేసెను. వింత యేమనగా, ఆయన మరగు నీటికి సున్నయు, గడ్డకట్టు నీటికి నూరును ఉంచెను. ఆయన మరణానంతరము దానిని తలక్రిందులు చేసి నేటి రూపమున నిలిపిరి. మన దేశమున 1956 నాటి తూనికలు, కొలతల చట్టముతో మెట్రిక్ పద్ధతి క్రమముగా ప్రవేశించినది. నేడు వాతావరణశాఖ ఎండను సెల్సియస్‌లో చెప్పుచున్నది. మన యిండ్లలో జ్వరము మాత్రము ఇంకను ఎక్కువగా ఫారన్‌హీటులోనే చెప్పుకొనుచున్నాము.

ఒక లెక్కనుండి మరియొక లెక్కకు మార్చుట పెద్దలైన మీకు క్రొత్త విద్య కాదు. ప్రొద్దుటూరి బంగారపు అంగళ్లలో పాత తులమును గ్రాములకు మార్చుట చూచినారు. పాత తులము 11.664 గ్రాములు, పది తులములు 116.64 గ్రాములు. అచట గుణించిన చాలును. ఏలయనగా సున్న తులములు సున్న గ్రాములే. రెండు లెక్కలును ఒకేచోట మొదలగును.

జమాబందీ లెక్కలు చూచినవారికి ఫసలీ తెలియును. ఫసలీకి 590 కలిపినచో ఆ ఫసలీ ఆరంభమైన క్రీస్తుశకసంవత్సరము వచ్చును. ఫసలీ 1359 అనగా 1949 జూలైలో మొదలైనది. ఇచట గుణకారము లేదు. ఏడాది రెండింటను ఏడాదియే. మొదలు మాత్రమే వేరు.

వేడిమి లెక్కలో ఈ రెండు భేదములును గలవు. సెల్సియస్‌లో నూరు భాగములైన దూరము ఫారన్‌హీటులో నూటయెనుబది భాగములు. కావున భాగము పరిమాణము వేరు, తులమునకును గ్రామునకును వలె. ఒకచోట సున్న యగునది రెండవచోట 32. కావున మొదలును వేరు, ఫసలీకి వలె.

కాగితము లేకుండ మార్చు ఉపాయము చెప్పెదను. సెల్సియస్ అంకెను రెట్టింపు చేయుడు. వచ్చినదానిలో పదవవంతు తీసివేయుడు. మిగిలినదానికి 32 కలుపుడు. ఉదాహరణమునకు 45 డిగ్రీల యెండ: రెట్టింపు 90, పదవవంతు 9 తీసిన 81, 32 కలిపిన 113. పూర్వము “నూటపదమూడు డిగ్రీల యెండ” యని చెప్పుకొనినది ఇదియే. తిరుగుగా మార్చవలెనన్న మొదట 32 తీసివేయుడు. మిగిలినదానిని సగము చేయుడు. ఆ సగమునకు దాని తొమ్మిదవవంతు కలుపుడు. 104 డిగ్రీల జ్వరము: 32 తీసిన 72, సగము 36, తొమ్మిదవవంతు 4, మొత్తము 40.

జ్వరమునకు నాలుగు అంకెలు కంఠస్థము చేసిన చాలును. 37 అనగా 98.6, 38 అనగా 100.4, 39 అనగా 102.2, 40 అనగా 104. ఇందు 98.6 అను అంకెను చూచి అంత సూక్ష్మముగా దేహము నడచునని భ్రమపడరాదు. జర్మనుదేశపు వైద్యుడు వుండర్‌లిష్ 1868 లో సగటు దేహోష్ణము 37 అని ప్రకటించెను; ఆ 37 ను మార్చగా 98.6 వచ్చినది. ఆరోగ్యవంతుని వేడిమియు ఉదయమునకును సాయంకాలమునకును కొంత మారుచుండును.

ఇక చదువుకొనినవారును పొరబడు చోటు ఒకటి కలదు. “నేడు ఎండ సాధారణముకంటె 5 డిగ్రీలు ఎక్కువ” అని వార్త వచ్చును. దీనిని పై ఉపాయముతో మార్చినచో 41 వచ్చును. ఎండ ఒక్కసారిగా 41 డిగ్రీలు హెచ్చిన ఊర ఎవరు నిలువగలరు? ఇది హెచ్చు, స్థానము కాదు. ఫసలీ 1350 నుండి 1359 కి తొమ్మిదేండ్లు. 1940 నుండి 1949 కిని తొమ్మిదేండ్లే. అచట 590 తో పని లేనట్లే, ఇచట 32 తో పని లేదు. రెట్టింపు చేసి పదవవంతు తీసిన చాలును: 5 డిగ్రీల హెచ్చు ఫారన్‌హీటులో 9 డిగ్రీల హెచ్చు. ఇది తెలిసియుండుట మంచిది. మైదానప్రాంతమున 40 డిగ్రీలకు చేరి, సాధారణముకంటె 4.5 డిగ్రీలైనను హెచ్చిన యెండను వాతావరణశాఖ వడగాలిగా లెక్కించును. 45 కు చేరినచో ఆ హెచ్చును చూడకయే వడగాలి యందురు.

ఆ అంకెలును నీడలో, గాలియాడు పెట్టెలో నుంచిన థర్మామీటరువి. చేనిలో కలుపు తీయు కూలీకి, బండలు కోయు పనివానికి తగులు వేడిమి అంతకు మించినది.

కడపటి మాట. గాలి 40 డిగ్రీలున్న మనము చెమటోడ్చి ఓర్చుకొందుము. దేహమే 40 డిగ్రీలకు, అనగా 104 కు చేరి, మనిషి తడబడి మాటలాడినను, స్పృహ తప్పినను అది వడదెబ్బయని యెంచవలెను. వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు పోసి విసరుచు, 108 బండిని పిలువవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

మీ యింటి థర్మామీటరును ఒకసారి తీసి, అంకెల ప్రక్కన ఏ యక్షర మున్నదో పిల్లలచేత చదివించుడు. నేను చెప్పిన నాలుగు అంకెలను గోడమీద వ్రాయించుడు. యంత్రము చెడినదని గూట పడవేయుటకు ముందు ఆ గోడవైపు ఒకమారు చూచినచో నా ప్రసంగము సార్థకమైనట్లే.