పిట్టగోడ లేని ఇల్లు
(వేలూరు, గుడియాత్తం ప్రాంత తెలుగు క్రైస్తవ యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం ట్యాంకుల గురించి మాట్లాడాలనుకుంటున్నాం. నూనె ట్యాంకులు, రసాయనాల ట్యాంకులు, టానరీ మురుగు నిలవచేసే ట్యాంకులు. పాస్టర్లకు ట్యాంకులతో ఏం పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం 8వ వచనం తెరవండి. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని అక్కడ ఆజ్ఞ ఉంది. కట్టకపోతే, ఎవరైనా జారిపడి చస్తే, ఆ రక్తాపరాధం ఆ ఇంటిమీదికే వస్తుంది. ఇంటాయన ఎవర్నీ తోయలేదు, ఎవరిమీదా పగపట్టలేదు. గోడ కట్టలేదు, అంతే. దేవుడు దాన్నే నేరంగా లెక్కపెట్టాడు. పైగా, ఎవరో పడ్డాక చెప్పిన మాట కాదది. పడకముందే చెప్పిన మాట.

ఇప్పుడు మన ఊరి సంగతి చూద్దాం. మన పాలారు కర్ణాటకలో పుట్టి, కుప్పం మీదుగా తెలుగు నేలను తడిపి, వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, రాణిపేట దాటి పోతుంది. పేరులో పాలున్న ఈ నది ఒడ్డున టానరీల మురుగు పారింది. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక 1991లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. టానరీ ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంత గానీ పూర్తిగా గానీ పాడైందని ఆ తీర్పులోనే రాశారు. దేశమంతటికీ వర్తించే రెండు సూత్రాలను కోర్టు ఆ రోజు చెప్పింది. ముప్పు ఉందని తెలిసినప్పుడు ముందే జాగ్రత్తపడాలి. పాడుచేసినవాడే ఖర్చు భరించాలి. మొదటిది పిట్టగోడ మాట. రెండోది నిర్గమకాండం 21వ అధ్యాయం మాట. గొయ్యి తవ్వి మూయకుండా వదిలేస్తే, అందులో పడి చచ్చిన ఎద్దుకు గొయ్యి తవ్వినవాడే సొమ్ము చెల్లించాలని అక్కడ చదువుతాం. న్యాయమూర్తులు బైబిలు చూసి తీర్పు రాశారని మేము అనడం లేదు. న్యాయం ఎక్కడ పలికినా దాని గొంతు ఒకేలా ఉంటుందని అంటున్నాం.

తీర్పు వచ్చింది, శుద్ధి కేంద్రాలూ వచ్చాయి. కానీ 2015 జనవరి 31 తెల్లవారకముందు, రాణిపేట పారిశ్రామికవాడలో టానరీల మురుగును శుద్ధిచేసే కేంద్రంలోనే బురద నిలవచేసిన ట్యాంకు గోడ కూలింది. పక్కన పడుకున్న కార్మికుల మీదికి ఆ విషపు బురద పొర్లింది. 10 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బతుకుతెరువు కోసం పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. నదిని కాపాడడానికి కట్టినదే మనుషుల్ని మింగింది. ట్యాంకు కట్టడంతో బాధ్యత తీరిపోదు. దాన్ని కాయాలి, గోడను పరీక్షించాలి, దాని నీడలో ఎవరినీ పడుకోనివ్వకూడదు.

చట్టంలో ఇవన్నీ ఉన్నాయి. పెట్రోలియం నిబంధనల ప్రకారం పెద్ద నూనె ట్యాంకుల చుట్టూ కట్టగోడ ఉండాలి. అన్నిటికన్నా పెద్ద ట్యాంకు పగిలినా అందులోని నూనె మొత్తం ఆ గోడ లోపలే ఆగాలి. వాననీరు పోయే తూము వాల్వు మామూలుగా మూసే ఉంచాలి. అది తెరిచి మరిచిపోతే గోడ ఉన్నా లేనట్టే. ప్రమాదకర రసాయనాల గురించి 1989లో వచ్చిన నిబంధనల కింద, పెద్దఎత్తున వాటిని నిలవచేసే సంస్థ అత్యవసర ప్రణాళిక రాసుకోవాలి, మాక్ డ్రిల్ చేయాలి. ఏం ప్రమాదం రావచ్చో, వస్తే ఏం చేయాలో చుట్టుపక్కల జనానికి చెప్పాలి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. ఆ సమాచారం వాళ్లు మనకు చేసే ఉపకారం కాదు, మన హక్కు.

ఆ హక్కు దక్కకపోతే ఏమవుతుందో 2020 మే 7న విశాఖపట్నంలో చూశాం. ఎల్‌జీ పాలిమర్స్‌లో నిలవ ఉన్న స్టైరీన్ ట్యాంకు వేడెక్కి ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది ప్రాణాలు పోయాయి. సైరన్ ఉంది, మోగలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో చెన్నై ఎన్నూరు వాగులోకి నూనె చేరినప్పుడు, మత్స్యకారులు బకెట్లతో, చేతులతో ఆ నల్లటి తెట్టు తోడారు. తప్పు ఒకరిది, చేతికి అంటింది మరొకరికి.

ఇక మా తప్పు కూడా చెప్పాలి. మా చర్చి ఆవరణలో జనరేటర్ డీజిల్ డ్రమ్మును ఏళ్ల తరబడి బావికి పది అడుగుల దూరంలో పెట్టాం. కింద తొట్టి లేదు, దగ్గర ఇసుక బకెట్ లేదు. ఒకరోజు ఊడ్చే అక్క వచ్చి, "అయ్యగారూ, నీళ్లు కంపు కొడుతున్నాయి" అంది. అప్పటిదాకా మాకు పట్టలేదు. ఆ వారం మేము సృష్టి సంరక్షణ మీదే ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నాం! సిగ్గుపడ్డాం. డ్రమ్మును మార్చాం, చుట్టూ రెండు వరసల ఇటుక కట్టాం. పెద్ద పనేమీ కాదు, ఒక పూట పని. ఒక పూట పని కోసం ఇన్నేళ్లు ఆగాం.

మీలో కొందరి అమ్మానాన్నలు టానరీల్లో, చెప్పుల కంపెనీల్లో, గుడియాత్తం అగ్గిపెట్టెల కార్ఖానాల్లో పనిచేస్తున్నారు. "కంపెనీ మూస్తే కూడెవరు పెడతారు పాస్టరుగారూ?" అని మమ్మల్ని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మేము మూయమనడం లేదు, గోడ కట్టమంటున్నాం. కూడు పెట్టే చెయ్యే ప్రాణం తీయకూడదంటున్నాం. నిబంధన తప్పితే ముందు పడేది యజమాని కాదు, ట్యాంకు పక్కన పడుకున్న కూలివాడు.

2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్లీ పాలారు కాలుష్యం మీదే తీర్పు చెప్పింది. బాధితులకు పరిహారం ఇవ్వాలని, ఆ సొమ్ము కాలుష్యకారకుల దగ్గర రాబట్టాలని ఆదేశించింది. మొదటి తీర్పుకీ దీనికీ మధ్య 28 ఏళ్లు దాటాయి. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు ఈ కూడికలో కూర్చున్నారు. కోర్టు చెప్పగలదు, కాపలా కాయలేదు. కాపలా మన పని.

కనుక మూడు పనులు చేద్దాం. ఈ నెలలోనే మన చర్చి, బడి, హాస్టల్ ఆవరణల్లో డీజిల్, గ్యాస్, యాసిడ్ ఎక్కడ పెట్టారో చూద్దాం. మీ ఊరి దగ్గరి పరిశ్రమలో చివరి మాక్ డ్రిల్ ఎప్పుడు జరిగిందో సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. ఒక్కరుగా కాదు, పదిమందిగా సంతకం పెడదాం. పనిచోట పగులు చూసిన కార్మికుడు నోరు విప్పితే అతన్ని ఒంటరిగా వదలొద్దు.

రాణిపేటలో ఆ రాత్రి నిద్రపోయినవాళ్లు మన భాషవాళ్లు కాదు, మన సంఘంవాళ్లు కాదు. అయినా వాళ్ల రక్తం గురించి దేవుడు మనల్ని అడుగుతాడు. పిట్టగోడ ఎక్కడ అని అడుగుతాడు. ఆ రోజు చూపించడానికి మన చేతులతో కట్టిన రెండు వరసల ఇటుకైనా ఉండాలి. దేవుడు మనకు ఆ తెగువ దయచేయును గాక. ఆమేన్.