నిద్రయందు ఊపిరి నిలుచు రోగము
(బుక్కపట్నమున మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఉదయమునుండి పెద్దలు విద్యనుగూర్చియు, వసతిగృహమునుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు ప్రసంగించిరి. ఆరోగ్యమునుగూర్చి నాలుగుమాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరగా నేను నిద్రను విషయముగా గ్రహించితిని. ముందువరుసలో కొందఱు నవ్వుచున్నారు. భోజనానంతరమున నిద్రనుగూర్చి ఉపన్యాసమేమని వారి భావము కాబోలు. నవ్వుటకు నాకభ్యంతరము లేదు. మనము హాస్యమునకు వాడుకొనెడి గురక వెనుక ప్రాణాపాయకరమైన రోగమొకటి దాగియుండవచ్చునని మనవిచేయుటకే నేను నిలువబడితిని.

మన పూర్వులు నిద్రను తేలికగా చూచినవారు కారు. చరకసంహిత ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూటిని శరీరమునకు ఉపస్తంభములుగా పేర్కొన్నది. సుశ్రుతసంహిత సూత్రస్థానమున స్థూలకాయుల లక్షణములు చెప్పుచోట క్షుద్రశ్వాసము, అధికనిద్ర అనువానితోపాటు ‘క్రథనము’ అను మాట యొకటి కలదు. అకస్మాత్తుగా ఊపిరి అడ్డగింపబడుట యని దానికి వ్యాఖ్యాతలు అర్థము చెప్పిరి. బడిలో ముప్పదియేండ్లు శబ్దములకు అర్థములు చెప్పి కాలము గడపినవాడను గనుక ఈ మాట కంటబడినప్పుడు నాకు కలిగిన యాశ్చర్యము ఇంతింత యనరాదు. అయినను నేటి వైద్యమంతయు మనవారికి మున్నే తెలియునని నేను వాదించువాడను గాను. లక్షణమును కనిపెట్టినవారు మనవారు. చికిత్సను కనిపెట్టినవారు వేఱొకరు. ఇరువురకును నమస్కరించుట న్యాయము.

ఈ రోగమెట్లు కలుగునో వినుడు. మనము మేల్కొనియున్నప్పుడు గొంతులోని కండరములు గాలిత్రోవను తెఱచి పట్టుకొనియుండును. నిద్రపట్టగానే అవి సడలును. నాలుక వెనుకకు జాఱును. ఇఱుకైన త్రోవలో గాలి పోవునప్పుడు అచ్చటి మెత్తని భాగములు అదరును. ఆ యదురుచప్పుడే గురక. తూమునకు నాచు కొంత అడ్డుపడినంతసేపు నీరు చప్పుడుచేయుచు పాఱును. పూర్తిగా అడ్డుపడినచో చప్పుడును ఉండదు, నీరును ఉండదు. మన చెఱువుక్రింద సేద్యము చేసినవారికి ఇది వేఱుగా చెప్పనక్కఱలేదు. అట్లే త్రోవ మూసికొనిపోయినప్పుడు గురక ఆగిపోవును. ఱొమ్ము మాత్రము ఎగయుచునే యుండును. గాలి లోనికి పోదు. నెత్తుటిలో ప్రాణవాయువు తగ్గును. అప్పుడు మెదడు ఉలికిపడి మనిషిని సగము లేపును. పెద్ద గుటకతో ఊపిరి తిరిగివచ్చును. మరల నిద్ర, మరల అడ్డు. పది సెకండ్లు గాని అంతకు మించి గాని గాలి ఆగినచో వైద్యులు దానిని ఒక విరామముగా లెక్కింతురు. గాలి పూర్తిగా ఆగుటయు, మిక్కిలి తగ్గుటయు కలిపి గంటకు 5 మొదలు 15 లోపున్న స్వల్పమనియు, 15 మొదలు 30 లోపున్న మధ్యమమనియు, 30 గాని అంతకు మించి గాని యున్న తీవ్రమనియు వారి విభాగము.

విచిత్రమేమనగా ఇంత యుద్ధము జరుగుచున్నను నిద్రించువానికి ఏమియు తెలియదు. తెల్లవాఱి లేచి “రాత్రి మొద్దునిద్ర పోయితి”నని చెప్పును. ఎనిమిది గంటలు పండుకొన్నను ఒడలు బడలికగానే యుండును, తల దిమ్ముగా నుండును, నోరు ఎండియుండును. పగలు మగ్గముమీదనో, అంగడిలో గద్దెమీదనో, బస్సులోనో కునికిపాట్లు పడును. ఇంటివారు సోమరి యందురు, బంధువులు కుంభకర్ణుడందురు. ఊర్మిళాదేవి నిద్రను పాటలుగా పాడుకొన్న మన స్త్రీలకు దీర్ఘనిద్ర యనిన ముచ్చటయే. కాని ఈ రోగిది దీర్ఘనిద్ర కాదు. రాత్రి యంతయు నూఱుమార్లు తెగిన నిద్ర.

కాబట్టి ఈ రోగమునకు సాక్షి రోగి కాడు, ప్రక్కన పండుకొన్నవారు. నేనెఱిగిన బంధువొకడు పట్టుచీరల మూటలను వ్యానులో బెంగుళూరునకు చేరవేయుచుండెడివాడు. వయస్సు నలువది దాటలేదు. రక్తపుపోటునకు మూడువిధముల మాత్రలు మ్రింగుచున్నను పోటు దిగదు. ఒకనాటి వేకువ పెనుగొండ దాటిన పిమ్మట స్టీరింగు ముందే కన్నుమూతపడి బండి త్రోవ దిగెను. దైవవశమున ప్రాణము దక్కినది. అందఱును దిష్టి యనిరి. అతని భార్య అయిదవ తరగతితో చదువు మానినదేకాని బుద్ధిమంతురాలు. ఆమె మూడురాత్రులు గోడగడియారము ముందు కూర్చుండి భర్తకు ఊపిరి ఎన్నిమార్లు ఆగుచున్నదో, ఎంతసేపు ఆగుచున్నదో పిల్లల నోటుపుస్తకములో గీతలు గీసి వ్రాసికొనెను. చరవాణితో ఆ గురకను కొంత ముద్రించెను. వైద్యుని ముందు ఆ పుస్తకమునుంచగా ఆయన పరీక్షకు వ్రాసియిచ్చెను. గంటకు 40కి పైగా విరామములున్నవని తేలెను. చికిత్స మొదలిడిన కొన్నినెలలకు మూడు మాత్రలలో ఒకటి మానిపించిరి. అతడిప్పుడును బండి నడుపుచున్నాడు. ఆ యిల్లాలి గీతల పుస్తకమును మించిన వైద్యసహాయమును నేనీ మండలమున చూడలేదు.

చికిత్స లేక యుండిన ఈ రోగము రక్తపుపోటును పెంచును, గుండె లయను చెడగొట్టును, పక్షవాతమునకును గుండెపోటునకును త్రోవచూపును, మధుమేహముతో చెలిమిచేయును. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ చిత్రముల పాటలకు మన తెలుగువారందఱును తలలూచిరి గదా. వానికి సంగీతము కూర్చిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబయి నగరమున మరణించినప్పుడు వైద్యులు చెప్పిన కారణములలో ఈ నిద్రాశ్వాసరోగము ముఖ్యమైనది. ధనమునకుగాని వైద్యులకుగాని కొఱతలేనివారికే ఇట్లయినది. ఇది అరుదైన జబ్బును కాదు. ముప్పదికిని డెబ్బదికిని నడుమ వయస్సుగల వారిలో లోకమునందంతటను ఇంచుమించు 93 కోట్లమందికి ఎంతోకొంత యుండవచ్చునని 2019లో లాన్సెట్ వర్గపు వైద్యపత్రిక యొకటి లెక్కకట్టినది. మన దేశమున పనిచేయు వయస్సువారిలో ఇది 10 కోట్లకు పైగా నుండునని 2023లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల యంచనా.

లావుపాటివారికే వచ్చునను తలంపు తగదు. లావు ముఖ్యకారణమే, కాని దవడ చిన్నదై వెనుకకున్న సన్ననివారికిని వచ్చును. మన దేశస్థులకు తక్కువ బరువులోనే వచ్చుట కలదు. స్త్రీలలో ముట్లుడిగిన పిమ్మట ఎక్కువగును. వారు గురకను చెప్పుకొనుటకు సిగ్గుపడి నీరసమనియు నిద్రపట్టదనియు మాత్రమే చెప్పుటవలన రోగము మఱుగుపడుచున్నది. పెండ్లికావలసిన పిల్ల గురకపెట్టునని తెలిసిన సంబంధము తప్పునేమోయని దాచు తల్లులును మనలో కలరు. పిల్లలలో గొంతుగడ్డలును, ముక్కు వెనుకనుండు కండలును పెరిగి నోటితో ఊపిరి తీయుచు గురకపెట్టుదురు. అట్టి పిల్లవాడు బడిలో నిద్రపోవుటకు మాఱు తుంటరియై చదువున వెనుకబడును. ముక్కు, చెవి, గొంతు వైద్యునికి చూపుటకు ముందు అట్టివానిపై బెత్తమెత్తవలదని ఉపాధ్యాయసోదరులకు ప్రత్యేకముగా విన్నపము.

ఇక చికిత్స. ఇంగ్లాండు నవలాకారుడు డికెన్సు 1836లో ఆరంభించిన పిక్విక్ పేపర్స్ అను నవలలో ఎప్పుడును నిద్రపోవు లావుపాటి కుఱ్ఱవాడొకడు కలడు. 1956లో అమెరికా వైద్యులు ఇట్టి రోగమొకదానికి ఆ నవల పేరే పెట్టిరి. నిద్రలో గొంతు మూసికొనుటను యూరపు పరిశోధకులు 1965లో కొలిచి చూపిరి. అప్పటి చికిత్స భయంకరము. మెడకు రంధ్రము చేయుటయే. 1981లో ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగరపు వైద్యుడు కోలిన్ సలివాన్ ముక్కునకు తొడుగుపెట్టి, చిన్న యంత్రముచే గాలిని మెల్లగా లోనికి ఒత్తుచు, ఆ గాలియే గొంతును తెఱచియుంచునట్లు చేసి అయిదుగురు రోగులపై ఫలితము ప్రకటించెను. దానినే నేడు సీపాప్ యంత్రమందురు. అది మందు కాదు, ప్రాణవాయువు సిలిండరును కాదు. గదిలోని గాలినే ఒత్తిడితో పంపును. కండ్లజోడు పెట్టుకొన్నంతసేపే చూపు కుదురునట్లు, అది తొడిగికొన్నంతసేపే పనిచేయును. మొదటివారమున చాలమంది విసుగుచెంది అటకమీద పెట్టుదురు. తొడుగు కొలత మార్పించుకొని ఒకనెల ఓర్చుకొన్నవారు పిమ్మట విడువరు. స్వల్పరోగులకు బరువు తగ్గుట, ప్రక్కకు తిరిగి పండుకొనుట, దవడను ముందుకు నిలుపు పలుదొడుగు చాలవచ్చును. రాత్రి మద్యము కూడదు.

నిద్రమాత్రలనుగూర్చి ఒకమాట గట్టిగా చెప్పవలసియున్నది. గురకరోగి అంగడిలో నిద్రమాత్రలు కొని మ్రింగుట అడ్డుపడిన తూమును మఱింత బిగించుటయే. కొన్ని మాత్రలు గొంతును మఱింత సడలించును, మేల్కొలుపు ఉలికిపాటును అణచును. గురక లేక ఉత్త నిద్రలేమితో బాధపడువారికిని వైద్యులు నేడు మొదట చెప్పునది మాత్ర కాదు. ఒకేవేళకు లేచుట, నిద్రవచ్చినప్పుడే పడకచేరుట, పడకమీద చరవాణి చూడకుండుట మొదలైన అలవాట్లను క్రమముగా నేర్పు చికిత్స కలదు. కొన్ని వారములు పట్టును. సాయంకాలపు కాఫీ తగ్గించుటయు మంచిదే. పండుకొనగానే కాళ్లు పీకుచు కదపకుండ నుండలేనివారు ఇనుపధాతువు కొఱతకు రక్తపరీక్ష చేయించుకొనుడు. మన స్త్రీలలో ఇది మెండు.

సహాయమెక్కడ దొరకునందురా? మొదట మీ వైద్యుని యడుగుడు. ఆయన పోటును, చక్కెరను, థైరాయిడును చూచి ఊపిరితిత్తుల వైద్యునికో, ముక్కు, చెవి, గొంతు వైద్యునికో పంపును. నిద్రపరీక్ష యనిన భయపడనక్కఱలేదు, సూదిలేదు, కోతలేదు. తలకును, ఱొమ్మునకును, వ్రేలికిని తీగలు తగిలించి ఒకరాత్రి పండుకొనబెట్టుదురు. ఇంటనే చేయదగిన చిన్నపరీక్షయును కలదు. బెంగుళూరు నిమ్హాన్సు సంస్థలో నిద్రారోగములను పరిశీలించు ప్రయోగశాల యున్నది; మనకు ధర్మవరము, పెనుగొండ, హిందూపురము మీదుగా రైలుమార్గమును ఉన్నది. ఏ శస్త్రచికిత్సకు పోయినను, మత్తిచ్చు వైద్యునితో గురకసంగతి ముందుగా చెప్పుడు. టొరంటో వైద్యులు 2008లో ప్రకటించి పెంపొందించిన ఎనిమిది ప్రశ్నలు ఆ మత్తువైద్యము నిమిత్తమే పుట్టినవి: పెద్దగురక, పగటి బడలిక, ఊపిరియాగుట ఒకరు చూచుట, రక్తపుపోటు, స్థూలత, ఏబది దాటిన వయస్సు, 40 సెంటీమీటర్లకు మించిన మెడకొలత, పురుషుడగుట. మూడింటికి అవునన్నవారు వైద్యుని చూడవలయును. అయిదింటికి అవునన్నవారు ఆలసింపరాదు.

ఇక ధనము మాట. యంత్రము వెల 30,000 రూపాయలకు అటునిటు మొదలై రెట్టింపువఱకు పోవును. దినకూలికి మగ్గమునేయువాడు, పరుల బండి నడుపువాడు దీనిని కొనగలడా? మన సంఘము వివాహములకు పాత్రసామగ్రి నిచ్చుచున్నది, విద్యార్థులకు వేతనములిచ్చుచున్నది. అట్లే రెండు మూడు యంత్రములు కొని, వైద్యుని చీటి తెచ్చిన పేదబంధువునకు మూడునెలలు వాడుకొన నిచ్చి, గుణమిచ్చినచో స్వంతయంత్రమునకు వడ్డీలేని అప్పుపెట్టవలెనని నా ప్రతిపాదన. ముక్కుతొడుగును మాత్రము ఎవరిది వారే కొనవలయును. ఒకరిది యొకరికి పనికిరాదు. రాత్రి బండ్లు నడుపువారికి మొదటి వరుస ఈయవలయును, వారి నిద్రపై ఇతరుల ప్రాణములును ఆధారపడియున్నవి గనుక. దాతలైన పెద్దలు ఈ సభలోనే దీనిని విచారింతురుగాక.

నా ఉపకారవేతనమునుండి 5,000 రూపాయలు ఈ నిధికై కార్యదర్శిగారి యొద్ద ఇదివఱకే యుంచితిని. పందిరి తూర్పుద్వారమునొద్ద మన దర్జీసోదరుడొకడు కొలతపట్టీతో కూర్చుండియున్నాడు. సాయంకాలసభ మొదలగులోపల మెడకొలత చూపించుకొనదలచినవారు భార్యాసమేతముగా పోయి ఆ ఎనిమిది ప్రశ్నలకు సమాధానములు చెప్పుదురుగాక. గురకనుగూర్చిన ప్రశ్నకు మాత్రము ఆమెనే చెప్పనిండు.