అక్షరం చెదరకుండా ఉండాలంటే: స్టెన్సిల్‌కు ఏ షీట్ ఎంచుకోవాలి?

(రాంనగర్‌లో జరిగిన మన సంఘం సభ్యుల, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ని కాదు. ఇక్కడికి దగ్గరలోనే లేజర్ కటింగ్ చేసే ఒక చిన్న షాపులో పని చేస్తాను. షాపుల బోర్డులు, పెళ్లి స్టేజీ మీద పెట్టే పేర్లు, మెమెంటోలు కోయడం మా పని. ఊళ్ల గోడల మీద మన గోండి అక్షరాలు రాయాలి, దానికి స్టెన్సిళ్లు కావాలి అని సంఘం అనుకున్నప్పుడు ఆ పని నాకు అప్పజెప్పారు. మొదటిసారి పాడు చేశాను. రెండోసారి నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్నదే చెప్పమంటే నిలబడ్డాను.

ముందు ఒక మాట. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల వల్ల మన లిపికి గుంజాల గోండి లిపి అని పేరు వచ్చింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వారు వాటి మీద పని చేసి లోకానికి చూపించారు. అప్పటికి ఆ లిపి చదవగలిగిన వాళ్లు ఊళ్లో కొద్దిమంది పెద్దలే. 2018లో యూనికోడ్ 11వ వెర్షన్‌లో ఈ లిపికి చోటు దొరికింది. అంతకు ముందు ఏడాది, 2017లో, మసారం గోండి అనే మరో లిపికి కూడా దొరికింది. అది 1918లో మున్షీ మంగళ్‌సింగ్ మసారం గారు తయారు చేసింది. రెండూ వేరు వేరు లిపులు. ఫాంట్ దించుకునేటప్పుడు పేరు సరిగ్గా చూసుకోండి. ఒకటి అనుకొని ఇంకొకటి కోయిస్తే డబ్బుతో పాటు పరువూ పోతుంది.

ఫోన్‌లోకి అక్షరం వచ్చింది, సంతోషమే. కానీ బడికి పోయే పిల్లకు కనబడేది గోడ. ఆ గోడ మీద అక్షరం ఊరికొక తీరుగా ఉంటే, ఏది సరైనదో చెప్పడానికి పక్కన చదివే తాత ఉండడు. తెలుగు అక్షరం కొంచెం వంకర పోయినా మనకు తెలుస్తుంది, రోజూ వేలసార్లు చూస్తాం కాబట్టి. మన లిపికి ఇంకా ఆ బలం రాలేదు. అందుకే స్టెన్సిల్ గట్టిగా ఉండాలనడం డబ్బు మిగులుతుందని మాత్రమే కాదు. అది రెండు గోడలకే విరిగితే, మూడో గోడ మీద ఎవరో ఒకరు అంచనాతో గీస్తారు. అక్కడి నుంచి అక్షరం రూపం మారడం మొదలవుతుంది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మొదటిసారి మూడు మిల్లీమీటర్ల యాక్రిలిక్‌లో కోశాను. లేజర్‌కు యాక్రిలిక్ అంటే వెన్న. అంచులు అద్దంలా వస్తాయి. షాపులో చూసినవాళ్లంతా బాగుందన్నారు. సంచిలో పెట్టుకుని ఉట్నూర్ బస్సు ఎక్కాను. దిగేసరికి రెండు చోట్ల పటుక్కుమంది. టేపు అంటించి పని మొదలుపెట్టాం. అది మట్టి గోడ, ఎత్తుపల్లాలు ఉంటాయి. బిర్రుగా ఉండే షీట్ గోడకు ఆనుకోదు. సందులోంచి రంగు లోపలికి పాకింది. ఒక అక్షరంలో ఉండాల్సిన ఖాళీ పూడిపోయింది. ఒక తాత వచ్చి చాలాసేపు చూసి, ఇది మన అక్షరం కాదు అన్నాడు. ఆ గోడను మళ్లీ సున్నం వేసి కప్పాం. షీట్‌ను షాపులో చూసి ఎంచుకున్నాను, గోడను చూసి ఎంచుకోలేదు. తప్పు అక్కడ ఉంది.

అందుకే ఇప్పుడు షీట్ కొనే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. ఏ గోడ? ఏ రంగు? ఎన్నిసార్లు వాడాలి? ఎవరింట్లో, ఎక్కడ దాచుతారు?

ఒకటి రెండుసార్లకైతే మందపాటి అట్ట చాలు. మన పెద్దవాళ్ల కాలంలో అట్టకు అవిసె నూనె పట్టించి ఆరబెట్టి వాడేవాళ్లు, తడికి కొంత ఆగేది. కానీ వానాకాలం, ఎలుకలు, రెండూ అట్టకు శత్రువులే. ఎండీఎఫ్ చెక్క చౌక, లేజర్ కింద బాగా తెగుతుంది. కానీ తడి తగిలితే ఉబ్బుతుంది, సన్నని చోట పొరలుగా లేస్తుంది. ఓహెచ్‌పీ షీట్ సుమారు 100 మైక్రాన్లు ఉంటుంది. అక్షరం పెద్దదైతే గాలికి రెపరెపలాడి మడత పడుతుంది. పాత ఎక్స్‌రే ఫిల్ములు ఇంట్లో ఉంటే బ్లేడుతో చేత్తో కోసుకోండి, అవి గట్టివే. వాటి మీద మందు పూత ఉంటుంది కాబట్టి లేజర్‌లో పెట్టమని మాత్రం అడగకండి.

ఊళ్ల గోడలకు నేను చివరికి స్థిరపడింది పాలియెస్టర్ ఫిల్మ్. బజారులో మైలార్ అంటారు. 250 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పావు వంతు. గోడ ఎలా ఉంటే అలా వంగుతుంది, వదిలితే మళ్లీ సాఫీ అవుతుంది. నీళ్ల రంగు పడితే తడిగుడ్డతో పోతుంది. ఆయిల్ పెయింట్ పడితే టర్పెంటైన్‌తో తుడవొచ్చు, షీట్‌కు ఏమీ కాదు. అదే యాక్రిలిక్ మీద థిన్నర్ పోస్తే పగుళ్లు వస్తాయి. బల్లలు, పెట్టెలు, డప్పుల పెట్టెల మీద పేర్లు ఏళ్ల తరబడి వేయాలంటే అర మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ స్టీల్ మంచిది. కానీ మా షాపులో ఉండే సీవోటూ లేజర్ దాన్ని కోయదు, ఫైబర్ లేజర్ కావాలి. అంచులు చేతులు కోస్తాయి, ఆకురాయితో సాఫీ చేయించుకోండి. మట్టి గోడకు మాత్రం అదీ ఆనుకోదు.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. సన్‌బోర్డు, ఫ్లెక్స్ ముక్క, రెక్సిన్, వినైల్ స్టిక్కరు చౌకగా దొరుకుతాయని లేజర్‌కు ఇవ్వకండి. అవన్నీ సాధారణంగా పీవీసీయే. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. కళ్లు మండుతాయి, ఊపిరితిత్తులకు చేటు, మిషన్ ఇనుము తుప్పు పడుతుంది. ఒక షాపులో ఆ పొగలో పని చేసిన పిల్లాడు సాయంత్రం దాకా దగ్గుతూనే ఉండడం నేను చూశాను. మనవాళ్ల పిల్లలు ఎంతోమంది ఇలాంటి షాపుల్లోనే పనికి కుదురుతున్నారు. ఓనరు ఏం కాదులే అన్నా, మీరు ఆ షీట్ ఏమిటో అడగండి. అనుమానం ఉంటే, ఎర్రగా కాల్చిన రాగి తీగను ఆ ముక్కకు తాకించి, ఆరుబయట, పొగకు దూరంగా నిలబడి మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా వస్తే క్లోరిన్ ఉన్నట్టే. దాన్ని కోయకూడదు. పాలీకార్బొనేట్ కూడా లేజర్‌కు పనికిరాదు, నల్లగా మాడుతుంది, అంటుకుంటుంది కూడా.

షీట్ ఎంత మంచిదైనా బ్రిడ్జిలు సరిగ్గా లేకపోతే నిలవదు. తెలుగు సున్నానే తీసుకోండి. చుట్టూ కోస్తే మధ్య ముక్క రాలిపోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి వదిలే సన్నని పట్టీలే బ్రిడ్జిలు. గోడ అక్షరాలకు మైలార్‌లో నేను నాలుగు మిల్లీమీటర్లకు తగ్గించను. ఎక్కువసార్లు విరిగేది అక్కడే. లోపలి మూలలను కూడా కొంచెం గుండ్రంగా తిప్పిస్తాను, సూదిగా ఉన్న మూల నుంచే చినుగు మొదలవుతుంది. అయితే బ్రిడ్జి ఎక్కడ పెట్టాలో షాపువాడు నిర్ణయించకూడదు. తప్పు చోట పెడితే అక్షరం ఇంకో అక్షరంలా కనబడొచ్చు. ముందు కాగితం మీద ప్రింటు తీసి, లిపి తెలిసిన పెద్దలకు చూపించి, సరే అన్నాకే మిషన్ మీద పెట్టండి. ఇప్పుడు మేమలాగే చేస్తున్నాం.

జాగ్రత్తలు చిన్నవే. రంగు తడిగా ఉన్నప్పుడే తుడవండి. బ్రష్‌తో ఈడ్చకుండా స్పాంజితో కొద్దికొద్దిగా అద్దండి. రేకుల కప్పు కింద ఎండలో పెట్టకండి, వంకర పోతుంది. రెండు అట్టల మధ్య పరిచి, మేకుకు తగిలించండి. ప్రతి అక్షరానికి ఒక షీట్‌ను రంగు తగలకుండా సంఘం దగ్గర ఉంచండి. దాన్ని మేం తల్లి ప్రతి అంటాం. వాడే షీట్ ఎన్నిసార్లు అరిగినా తల్లి ప్రతితో పోల్చి చూసుకోవచ్చు.

చివరి మాట. స్టెన్సిల్ గోడ కోసం, పిల్లల చేతి కోసం కాదు. గోడ మీద అక్షరం చూసి పిల్ల పలక మీద తన చేత్తో దిద్దాలి. పండగకు అవ్వలు వేసే ముగ్గుకు, దేవుడి గోడ మీది బొమ్మకు స్టెన్సిల్ అడగకండి, అది చేతి పనిగానే ఉండనివ్వండి.

సున్నం వేసి కప్పిన ఆ గోడ మీద పోయిన ఎండాకాలం మైలార్ షీట్లతో మళ్లీ రాశాం. ఆ తాత మళ్లీ వచ్చాడు. ఈసారి ఏమీ అనలేదు. కర్రతో ఒక్కో అక్షరాన్ని చూపిస్తూ పక్కన ఉన్న మనవరాలికి పైకి చదివి వినిపించాడు. మేం స్పాంజులు కడుక్కుంటూ విన్నాం.