రాగి ఉలి, రాతి గుండు, ఉక్కు మొన

చెక్కిన రాతి మీద తమ పేరు చెక్కుకోకుండా వెళ్లిపోయిన శిల్పుల స్మృతిలో, నర్సీపట్నం పెద్దల ముందు చేస్తున్న ఈ ప్రసంగం వాళ్ల పనిముట్ల గురించి. విగ్రహాన్ని చూసి దండం పెట్టేవాళ్లు చాలామంది. దాన్ని మలిచిన ఉలి ఎలాంటిదని అడిగేవాళ్లు తక్కువ.

పిరమిడ్ల కాలం నాటి ఈజిప్టు శిల్పికి ఇనుప ఉలి లేదు. రాగి ఉలి, కర్ర సుత్తి, రాతి గుండు, ఇసుక, ఇవే అతని ఆస్తి. సున్నపురాయి మీద రాగి ఉలి బాగానే నడుస్తుంది. గ్రానైట్ మీద పెట్టి కొడితే మాత్రం వంగేది ఉలి మొనే. అయినా గ్రానైట్ ఫారోలు వేల ఏళ్లుగా నిలబడే ఉన్నారు.

ఆ రహస్యం సగంలో ఆగిన పనుల్లో దొరికింది. నైలు ఒడ్డున ఆస్వాన్ గనిలో సుమారు 42 మీటర్ల పొడవు, వెయ్యి టన్నులకు పైగా బరువు ఉన్న ఒక ఏకశిలా స్తంభం నేటికీ పడుకునే ఉంది. చెక్కుతుండగా పగుళ్లు కనబడటంతో వదిలేశారు. దాని చుట్టూ తవ్విన కాలువల్లో ఉలి గాట్లు లేవు, గిన్నె అడుగులా నున్నటి గుంటలే ఉన్నాయి. పక్కనే డోలరైట్ అనే నల్లరాతి గుండ్లు దొరికాయి. గ్రానైట్‌ను కోయలేదు, ఆ గుండ్లతో మోది మోది పొడి చేశారన్నమాట. 1922లో ఈ స్తంభాన్ని పరిశీలించిన ఇంజినీరు రెజినాల్డ్ ఎంగెల్‌బాక్ స్వయంగా గుండు పట్టి కొట్టి చూశాడు. గంటకు కొన్ని మిల్లీమీటర్ల పొర మాత్రమే లేచింది.

రంధ్రాలు వేయడానికి రాగి గొట్టం, దాని కింద ఇసుక. తిప్పేది గొట్టమే గానీ రాతిని అరగదీసేది ఇసుక రేణువు. పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ గీజాలో అలాంటి రంధ్రాల నుంచి ఊడిన రాతి కడ్డీలను పరీక్షించి 1883లో ప్రకటించాడు. దాదాపు వందేళ్ల తరవాత పరిశోధకుడు డెనిస్ స్టాక్స్ రాగి గొట్టాలు, రాగి రంపాలు చేయించి, ఇసుక పోసి గ్రానైట్‌ను కోసి చూపించాడు. ఇవన్నీ ఆకాశం నుంచి దిగినవాళ్ల పని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట ఆ శ్రామికుల చెమటకు చేసే అన్యాయం.

రాగికి ఎంత విలువంటే, రాజుల సమాధులు తొలిచిన దేర్ ఎల్ మెదీనా అనే ఈజిప్టు ఊరి పనివాళ్లకు ఉలిని తూకం వేసి ఇచ్చేవారు. మొద్దుబారిన ఉలిని వెనక్కి తీసుకుని, మళ్లీ తూచి, పెంకుల మీద లెక్క రాసుకునేవారు. ఉలి రాజ్యం సొత్తు, శ్రమ మాత్రం పనివాడిది.

ఇక మన నేలకు వద్దాం. ఈజిప్టువాళ్లు సుత్తిగా వాడుకున్న డోలరైట్‌నే కాకతీయుల శిల్పులు విగ్రహంగా మలిచారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన పాలంపేట రామప్ప గుడిలో స్తంభాలు, దూలాలు గ్రానైట్‌లోనూ, డోలరైట్‌లోనూ చెక్కినవి. నగల పూసల మధ్య సందులు కూడా అందులో విడివిడిగా కనిపిస్తాయి. ఇనుము, ఉక్కు తెలిసిన చేతుల పని అది. తెలంగాణ ఉక్కు ఎంత మేలైనదంటే, నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రానికి పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. అయితే ఉక్కు ఉలీ అరుగుతుంది. పక్కన కొలిమి ఉండాలి, కాల్చి సాగగొట్టి నీళ్లు పట్టేవాడు ఉండాలి. చాలామంది శిల్పుల పేర్లే తెలియని చోట ఆ కమ్మరి పేరు ఎవరు రాస్తారు?

మన అనకాపల్లి పక్కనే, శంకరం దగ్గర బొజ్జన్నకొండ అనే బౌద్ధ స్థలం ఉంది. 1907-08లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే దాన్ని తవ్వించాడు. అక్కడి స్తూపాలలో చాలావాటిని పేర్చి కట్టలేదు. కొండనే చుట్టూ చెక్కేసి, మిగిలిన రాతిని స్తూపంగా నిలబెట్టారు. పక్కనున్న లింగాలకొండ మీద అలాంటివి వరుసలు వరుసలు. ఇటుక గోడ వంకర పోతే ఊడదీసి మళ్లీ కట్టొచ్చు. ఇక్కడ ఒక్క దెబ్బ ఎక్కువ పడితే దిద్దుకునే దారి లేదు. అలాంటి పని మీద ఒకప్పుడు కనుమ నాడు, రాక్షసుడి బొజ్జ అనుకుని జనం రాళ్లు విసిరేవారు. నచ్చజెప్పి ఆ ఆచారాన్ని మాన్పించినవాళ్లకు ఈ సభ తరఫున కృతజ్ఞతలు.

ఒక్క విన్నపం. రోళ్లకు, తిరగళ్లకు గంట్లు కొట్టిన పెద్దవాళ్లు మన పల్లెల్లో ఇంకా కొందరున్నారు. వాళ్ల ఉలులు ఇనుప సామాన్ల బండి ఎక్కకముందే మన బడుల ఉపాధ్యాయులు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి, ఒక్కో పనిముట్టు పేరు, వాడే తీరు, పదును పెట్టే పద్ధతి వాళ్ల నోటి నుంచే విని రాయించాలి. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి.