వ్యాసం దిద్దే యంత్రం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్పాట్ వాల్యుయేషన్‌లో పదో తరగతి వ్యాసాలు దిద్ది దిద్ది అలసిపోయినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ పని కంప్యూటరు చేయగలదని 1966లోనే అమెరికాలో ఎల్లిస్ పేజ్ అన్నారు. 1999 నుంచి జీమ్యాట్ పరీక్షలో వ్యాసాలను ఒక మనిషితో పాటు ఈ-రేటర్ అనే సాఫ్ట్‌వేరు కూడా దిద్దింది. దానికి అలసట లేదు, విసుగు లేదు. సాయంత్రం నాలుగు దాటాక నా చేతికొచ్చిన కట్టలకు న్యాయం చేశానని నేను ప్రమాణం చేయలేను.

కాని అది మనలా చదవదు. మాటల పొడవు, వాక్యాల తీరు వంటివి లెక్కగడుతుంది. 2014లో ఎం.ఐ.టి.కి చెందిన లెస్ పెరెల్మన్, కొందరు విద్యార్థులు కలిసి అర్థంలేని వ్యాసాలు అల్లే బేబెల్ అనే ప్రోగ్రాం తయారుచేశారు. బరువైన మాటలు పేర్చిన ఆ వ్యాసాలకు ఇలాంటి యంత్రాలు మంచి మార్కులే వేశాయి!

మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు, పిల్లలు వ్యాసం వాడుకభాషలో రాసుకోనివ్వండని 1910లలో పండితులతో పోరాడారు. ఆ పోరాటం గురించి ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి నేను.

మొన్న మా మనవరాలు అమెరికా పరీక్షకు చదువుకుంటూ, "తాతా, పెద్ద పెద్ద మాటలు వాడమంటావా?" అని అడిగింది.

"మార్కులు కావాలంటే వాడమ్మా" అనేశాను.