కంప్యూటరు శాస్త్రము: తొలి పాఠము

(రజతోత్సవ సభలో విద్యార్థుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున విజ్ఞానదీపమును వెలిగించుచున్న సంస్థ రజతోత్సవమున మాటలాడు భాగ్యము నాకు కలిగినది. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును నెలకొల్పుకొన్న ప్రాంతము మనది. చదువు కలవారి సొత్తు మాత్రమే కాదని గ్రంథాలయములు మనకు నేర్పినవి. నేను నేడు పరిచయము చేయబోవు శాస్త్రమును గూర్చియు ఆ మాటయే చెప్పవలసియున్నది.

ప్రత్తి, మిరప అమ్మిన సొమ్ముతో బిడ్డలను కంప్యూటరు చదువులకు పంపుచున్న ఇండ్లు మన పల్లెలలో అనేకము. ఆ సొమ్ము వెనుక నెంత చెమట యున్నదో మీ రెరుగుదురు. కనుక ఆ చదువు ఎట్టిదో ముందుగా తెలిసికొనుట మంచిది. ఏ మీట నొక్కిన నేమి జరుగునో నేర్చుట కంప్యూటరు శాస్త్రము కాదు. యంత్రములు మారును, మీటలును మారును. ఒక పనిని స్పష్టమైన మెట్లుగా విడదీయుట, ఆ మెట్లు అన్ని సందర్భములందును సరియైన ఫలితము నిచ్చునా యని పరీక్షించుట, అంతకంటె తక్కువ శ్రమతో దానిని సాధింపవచ్చునా యని విచారించుట: ఇదియే ఆ శాస్త్రమునకు ప్రాణము. అట్టి మెట్ల వరుసకు ఆల్గరిథమ్ అని పేరు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో నుండిన అల్ ఖ్వారిజ్మీ అను గణితవేత్త పేరునుండి ఆ పదము పుట్టినది.

ఈ గ్రంథాలయమునే ఉదాహరణముగా తీసికొందము. వేయి పుస్తకముల పేర్లు వేయి కార్డులపై నున్నవనుకొనుడు. అవి చెల్లాచెదరుగా నున్నచో, కావలసిన పేరునకై వేయి కార్డులను చూడవలసి రావచ్చును. అకారాది క్రమమున నున్నచో నడిమి కార్డును చూడుడు. మీకు కావలసిన పేరు దానికి ముందున్నదా, వెనుక నున్నదా తెలియును. సగము కార్డులను విడిచివేయవచ్చును. మిగిలిన సగములో మరల నడిమి కార్డును చూడుడు. ఇట్లు పది కార్డులకు మించి చూడనక్కరలేదు. పది లక్షల కార్డులున్నను ఇరువది చాలును! అయితే ఒక్క కార్డు చోటు తప్పినను, ఆ పుస్తకము మన యొద్ద నుండియు లేదన్న జవాబు రావచ్చును. యంత్రము తప్పు చెప్పుటకు గల కారణములలో నిది యొకటి. పద్ధతి యొక్కటే మంచిదైన చాలదు. దానికిచ్చు సమాచారమును సరిగా నుండవలెను.

గుంటూరు మిర్చియార్డులో అన్నింటికంటె హెచ్చు ధర పలికిన లాటేదో తెలియవలెనన్న మాత్రము, వరుసలో పేర్చని చీటీలలో ఒక్కదానిని చూడక విడిచినను నిశ్చయముగా చెప్పలేము. ఏ పనికి దగ్గరిదారి కలదో, దేనికి లేదో తెలుపుటయు ఈ శాస్త్రము పనియే.

ఇక కంప్యూటరు భాష. అది మనకు మిక్కిలి దూరమైనది కాదు. మన ఛందస్సులో గురువు, లఘువు అను రెండే గుర్తులు. వానిని మూడేసి చొప్పున కూర్చిన య మ త ర జ భ న స యను ఎనిమిది గణము లేర్పడును. కంప్యూటరు గుర్తులును రెండే: 0, 1. మూడు స్థానములలో ఎనిమిది కూర్పులు, ఎనిమిది స్థానములలో 256 కూర్పులు వచ్చును. అక్షరములను సైతము అంకెలుగా మార్చియే అది దాచుకొనును. యూనికోడ్ అను అంతర్జాతీయ ఏర్పాటులో మన ‘అ’ అక్షరపు సంఖ్య 3077, ‘ఆ’ సంఖ్య 3078.

ఈ శాస్త్రము పల్లెవారికి అందదని శంకింపకుడు. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున 1937లో జన్మించిన దబ్బల రాజగోపాల రెడ్డిగారు 1958లో మద్రాసు గిండీ కళాశాలలో సివిల్ ఇంజనీరింగు ముగించి, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిరి. మనుష్యుల మాటను యంత్రము గ్రహించునట్లు చేయు పరిశోధనలో ఆయన అగ్రగణ్యులు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ఈ శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారము నందుకొనిరి. లక్షలాది గ్రంథములను కంప్యూటరులో నిక్షేపించి, లోకమునకెల్ల ఉచితముగా నందింపవలెనన్న మహత్కార్యమునకును పూనుకొనిరి. గ్రంథాలయోద్యమపు ఆశయమును ఈ శాస్త్రపు ఆశయమును ఆ కార్యమున నొకటైనవి.

విద్యార్థులారా! ఇంట యంత్రము లేదని చింతింపకుడు. కాగితము, పెన్సిలు చాలును. పది సంఖ్యలలో పెద్దదానిని కనుగొను పద్ధతిని మెట్లుగా వ్రాసి స్నేహితున కిండు. వ్రాసినది తప్ప మరేమియు చేయరాదని చెప్పుడు. రెండు సంఖ్యలు సమానమైనప్పు డతడు ఆగిపోయెనా? ఎచ్చట నాగెనో అచ్చట మీ వ్రాతలో లోపమున్నది. దానిని దిద్దుడు. అదియే మీ తొలి పాఠము.

తల్లిదండ్రులారా! ఫీజు కట్టుటకు ముందు, అచ్చట గణితము, తర్కము బోధింతురా, కేవలము మీటలు చూపుదురా యని యడుగుడు. ఆడపిల్లలను వెనుక నుంచకుడు. కార్యవర్గమువారు వారమున కొక గంట ఈ బల్లలవద్ద ఇట్టి అభ్యాసము జరుపుదురేని, ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఫలము మాత్రము మిక్కుటము. స్వర్ణోత్సవము నాటికి ఆ ఫలమును మన గ్రామము కన్నులార చూచుగాక!