గుర్రం కాలికి ఎక్స్‌రే
(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఈ వయసులో మన మోకాళ్ళ ఎక్స్‌రేలు చాలవా, గుర్రానివి కూడానా?" అని కార్యదర్శిగారు నవ్వారు. నేను డాక్టరును కాను. పశుసంవర్ధక శాఖలో గుమాస్తాగా చేరి, ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ముల రిజిస్టరు ఏళ్ళ తరబడి రాసినవాణ్ణి. డాక్టర్లు ఫిల్మును వెలుతురుకు పెట్టి మాట్లాడుకుంటుంటే విని, అడిగి తెలుసుకున్నవే ఈ నాలుగు మాటలు. మన బీచిరోడ్డులో పిల్లల్ని ఎక్కించుకు తిరిగే గుర్రం కాళ్ళ మీద ఒక కుటుంబం బతుకుతుంది. కనుక ఈ సంగతి మనకు దూరమైనదేమీ కాదు.

గుర్రం ముందుకాలిలో మనం మోకాలు అనుకునేది నిజానికి మన మణికట్టుతో సమానం. దాని కింద ఒక పొడవాటి ఎముక, ఇరుపక్కలా పుల్లల్లాంటి రెండు సన్నని ఎముకలు. ఆ కింద కుచ్చువెంట్రుకలుండే కీలు, ఇంకా దిగితే డెక్కలో దాగిన ఎముక. అంత బరువైన జంతువు ఒక్కో కాలికి ఒక్క వేలి కొస మీద నిలబడుతుందన్నమాట!

ఎక్స్‌రే అంటే నీడ. 1895లో రాంట్‌జెన్ తన భార్య చేతి ఎముకలు చూపించిన నాటి నుంచీ అంతే. కిరణం పగులు వెంబడి సాగితేనే గీత కనపడుతుంది, అడ్డంగా తగిలితే కనపడదు. అందుకని కనీసం ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీయాలి. కీళ్ళకైతే ఏటవాలుగా మరో రెండు. షిప్‌యార్డులో, స్టీల్‌ప్లాంటులో పనిచేసినవారికి వెల్డింగు అతుకుల రేడియోగ్రఫీ తెలిసే ఉంటుంది. సూత్రం ఒకటే, కాకపోతే ఇనుము కదలదు.

తీసేముందు చాకిరీ చాలా ఉంది. గుర్రాన్ని నడిపించి, కాలు నొక్కి, అవసరమైతే మత్తు సూది వేసి నొప్పి ఎక్కడో డాక్టరు తేల్చాలి. వెంట్రుకల్లో బురద ఉంటే అదీ మచ్చలుగా పడుతుంది. డెక్కకైతే లాడం ఊడదీసి, అడుగు కడిగి, గాళ్ళలో మెత్తటి పిండిముద్ద కూరుతారు. లేకపోతే అక్కడి గాలి నల్లగీతలై ఎముక విరిగినట్టే కనపడుతుంది. కిరణం డెక్క మట్టానికి రావడానికి కాలిని చెక్కదిమ్మ మీద నిలబెడతారు. ప్లేటు కాలికి ఆనించి ఉండాలి. కుడో ఎడమో తెలిపే గుర్తు వెలుపలి వైపు పెట్టాలి. రిజిస్టరు రాసేవాడి ప్రాణం ఆ గుర్తులోనే ఉంటుంది!

ఇక చదవడం. ఎముక తెలుపు, గాలి నలుపు. అయితే ప్రతి నల్లగీతా పగులు కాదు. ఎముకలోకి రక్తనాళం వెళ్ళే దారి గీతలాగే ఉంటుంది. పిల్లగుర్రాలకు ఎముక పెరిగే చోట నల్లటి పట్టీ సహజం. అనుమానం వస్తే రెండో కాలు కూడా తీసి పోల్చి చూస్తారు. నరాలు, కండరాలు, స్నాయువుల దెబ్బలు ఇందులో తెలియవు. స్నాయువులకు అల్ట్రాసౌండు కావాలి.

ఒకసారి బీచి గుర్రం ఒకటి కుంటుతూ వచ్చింది. ఫిల్ము శుభ్రంగా ఉంది. "బాగుందన్నారుగా, రేపటినుంచి తిప్పుకుంటానండీ" అన్నాడు యజమాని. డాక్టరుగారు ఒప్పుకోలేదు. సన్నని పగులు మొదటిరోజు కనపడకపోవచ్చు, అంచుల్లో ఎముక కొంత కరిగాక గీత వెడల్పవుతుంది, పదిరోజులు కట్టేసి మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఆ పదిరోజుల సంపాదన ఎవరిస్తారని అతను గొణిగాడు. ఆ మాటకు మా ఎవరి దగ్గరా జవాబు లేదు. అయినా కట్టేశాడు. రెండో ఫిల్ములో కీలు కిందిఎముకలో గీత స్పష్టంగా పడింది. ఆ కాలితో ఇసుకలో పరుగెత్తించి ఉంటే ఎముక రెండు ముక్కలయ్యేదని డాక్టరుగారు అన్నారు. నెలల తరబడి విశ్రాంతి పట్టింది గాని, గుర్రం నడిచింది.

ఇప్పుడు ఫిల్ము పోయి కంప్యూటరు తెర వచ్చింది. కిరణం మాత్రం మారలేదు. సీసపు ఏప్రాను చెదిరిన కిరణాలకే అడ్డు, నేరుగా వచ్చేదానికి చాలదు. కనుక ప్లేటును చేత్తో పట్టుకోకూడదు, పొడుగాటి పిడి ఉన్న పట్టీతోనే పట్టాలి. దూరం రెట్టింపైతే తాకిడి నాలుగో వంతుకు తగ్గుతుంది. ఈ యంత్రాలపై పర్యవేక్షణకు 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఉంది. గుర్రం తల పట్టుకునే కుర్రాడికి కూడా ఏప్రాను ఇచ్చారో లేదో యజమానే అడగాలి. గర్భిణులను, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు.